ఎవరూ బొట్టు పెట్టని ప్రశ్న

నాకు అనుమానం జాస్తి అని మావారంటారు. ఎస్.ఆర్. నగర్‌లో ఇన్నేళ్ళుగా ఆడపిల్లల హాస్టల్ నడుపుతున్న మనిషికి అనుమానం కాక ఇంకేం ఉంటుంది? కూరగాయలవాడు బుట్ట పైన ఎర్రటి టమాటాలు పేర్చి అడుగున మెత్తబడినవి పోస్తాడు. జ్వరమని క్లాసు ఎగ్గొట్టిన పిల్ల సాయంత్రానికి కొత్త జూకాలు పెట్టుకుని దిగుతుంది. గీజరు బాగుచేసేవాడు ఒకటి బిగించి ఇంకొకటి వదులు చేసి పోతాడు, మళ్ళీ పిలుస్తానని. తెనాలి నుంచి వచ్చిన కొత్తలో నేనూ అందర్నీ నమ్మేదాన్నే. అమీర్‌పేట ఆ జబ్బు కుదిర్చింది.

అలాంటి నాకు, మావారి కాలివేలి విషయంలో ఎవర్ని అనుమానించాలో తెలియని రోజొకటి వచ్చింది.

మావారికి అమీర్‌పేటలో జిరాక్స్ కొట్టుంది. కోచింగ్ సెంటర్ల మెటీరియల్ కాపీలు తీసి, బైండింగ్ చేసి అమ్ముతారు. పొద్దస్తమానం నిలబడే పని. చాలాకాలంగా సుగరుంది. కాళ్ళు మొద్దుబారాయని నాకు చెప్పకుండా దాచారు. ఒకరోజు సాక్సు విప్పుతుంటే ఎడమకాలి బొటనవేలి పక్కవేలి దగ్గర రసి కనిపించింది. అడిగితే, “ఏదో చెప్పు ఒరుసుకుందిలే” అన్నారు. చూస్తే ఎన్నాళ్ళనుంచో ఉన్న పుండు.

మేం వెళ్ళే ఆసుపత్రిని ఒక ట్రస్టు నడుపుతుంది. పెద్దది పంజాగుట్టలో, చిన్న శాఖ బేగంపేటలో, ఊళ్ళో ఇంకొన్నిచోట్ల కూడా ఉన్నాయి. రద్దీ తక్కువని ముందు బేగంపేట వెళ్ళాం. అక్కడి డాక్టరు ఎక్స్‌రే చూసి, ఎముక్కి చీము పట్టింది, వేలు తీసేద్దాం, ఆలస్యం చేస్తే పాదం మీదికొస్తుంది అన్నాడు. కూర్చోమని కూడా అనలేదు. నాకు ఒళ్ళు మండింది. ఆపరేషన్ థియేటర్ కట్టాక ఖాళీగా పెట్టుకుంటారా అనుకున్నాను. మర్నాడే అదే ఎక్స్‌రే పట్టుకుని పంజాగుట్ట వెళ్ళాం. అక్కడొక కుర్ర డాక్టరు కాలు చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, వేలు ఇప్పుడే తీయక్కర్లేదు, ఆరు వారాలు మందులు వాడి కట్లు కట్టుకుంటూ చూద్దాం అన్నాడు.

ఒకే ట్రస్టు, ఒకే రంగు బోర్డు, ఒకే ఎక్స్‌రే. మాట మాత్రం రెండు. రెండు చీటీలూ ఆ కుర్ర డాక్టరు బల్లమీద పక్కపక్కన పెట్టాను.

“ఇందులో ఏది నిజమండీ?”

“రెండూ నిజమే అమ్మా,” అన్నాడు. కరీంనగర్ వైపు మనిషి, మాటలో తెలుస్తుంది. “వాళ్ళు చూసింది వాళ్ళు చెప్పిండ్రు, నేను చూసింది నేను చెప్తున్న. రెండిట్ల ఏది మంచిదో మా ఆసుపత్రులల్ల ఎవరూ పోల్చి చూడలే.”

“మీకే తెలియకపోతే నేనెవర్ని అడగాలండీ? వాచ్‌మన్నా?”

ఆయనకి కోపం రాలేదు, నవ్వాడు. అది నాకు మరీ అనుమానంగా అనిపించింది. తెలియదని ఒప్పుకునే డాక్టర్ని నేను అంతవరకూ చూడలేదు. తెలియదన్నవాడు మహా మంచివాడన్నా అయ్యుండాలి, లేదా మనకి తెలియని కొత్త ఎత్తుగడన్నా వేస్తుండాలి.

“శనివారం ఒక మీటింగ్ ఉంది, మీరు జర రావాలె,” అన్నాడు. ఇలా ఒక్కోచోట ఒక్కోలా చేసే వైద్యాల్ని సరిగ్గా పోల్చి చూడాలని ట్రస్టు అనుకుందట. అన్నీ ఒకేసారి పోల్చడానికి మనుషులూ చాలరు, డబ్బూ చాలదు. అందుకని ఏ ప్రశ్న ముందు, ఏది తర్వాత అన్నది డాక్టర్లు, నర్సులతోపాటు రోగులూ, వాళ్ళ ఇంటివాళ్ళూ కూర్చుని వరస పెడతారట. “గీ ప్రశ్న అండ్ల ఉంది. మీరే అడగండి గట్టిగ.”

ఇంటికొచ్చేదాకా ఆలోచించాను. ఊరికే రారు మహానుభావులు అంటారు. ఊరికే పిలుస్తారా? నా అభిప్రాయం వీళ్ళకెందుకు? హాస్టల్లో నేను పిల్లల్ని మెనూ ఏం పెట్టమంటారని అడిగానంటే, అప్పటికే వంకాయలు కొనేసి ఉంటాను.

“వెళ్ళవే, టిఫిన్ పెడతారు,” అన్నారు మావారు. ఆయనకి లోకం మీద ఉన్న నమ్మకమంతా టిఫిను మీద ఉంటుంది.

తేల్చుకోలేక, ఈలోపు పంజాగుట్ట డాక్టరు చెప్పిన మందులే మొదలుపెట్టాం. నమ్మి కాదు. వేలు ఎప్పుడైనా తీయించుకోవచ్చు, తీశాక అతికించుకోలేం కదా అని. రోజూ పొద్దున్నే కట్టు విప్పి పట్టి పట్టి చూసేదాన్ని. నల్లబడిందా, వాపు పైకి పాకిందా, వాసనొస్తోందా. నేను తీసుకున్న నిర్ణయానికి ఆయన కాలు పోతుందేమోనన్న భయం ఒక్క పూట కూడా నన్ను వదల్లేదు. ఏదన్నా అయితే బేగంపేట డాక్టరు నేను ముందే చెప్పానుగా అంటాడు. పంజాగుట్ట డాక్టరు ఒక్కోసారి అలా అవుతుందమ్మా అంటాడు. నేను మాత్రం ఎవరితో ఏం అనగలను?

శనివారం వెళ్ళాను. ఆసుపత్రి పై అంతస్తులో హాలు, గుండ్రంగా వేసిన కుర్చీలు. ఉప్మా, జీడిపప్పు దండిగా వేశారు. చేతికొక పెన్ను ఇచ్చారు. తిప్పి చూస్తే దానిమీద మందుల కంపెనీ పేరు. దొరికారు అనుకున్నాను. పెన్ను బ్యాగులో వేసుకున్నాను, సాక్ష్యానికి.

నా పక్కన కూర్చున్నాయన ఒకప్పటి ఆటో డ్రైవరు. మోకాలి కింద జైపూర్ కాలు. సుగర్ వల్లే పోయిందట. ఇప్పుడు ఆటో కిరాయికిచ్చి ఎర్రగడ్డలో బావమరిది కొట్లో కూర్చుంటున్నాడు.

“అక్కా, గిది ఏం స్కీమ్?” అన్నాడు మెల్లగా. “దేనికి ఎక్కువ ఓట్లొస్తే గా మందు ఫ్రీగ ఇస్తరంటనా?”

“స్కీమ్ కాదన్నా. ఏదో కంపెనీ వ్యవహారం. చూస్తూ ఉండండి,” అన్నాను.

నడిపించడానికి ఒక పెద్ద మేడమ్ వచ్చింది. నూలు చీర, నెరిసిన జుట్టు, తొణకని గొంతు. ఇది స్కీమ్ కాదు, ఇవాళ ఎవరికీ ఏ మందూ ఇవ్వరు, ఏ రెండు వైద్యాల్ని ముందు పోల్చాలో చెప్పడమే మన పని అని మొదటే చెప్పేసింది. ఆటో ఆయన మొహం వాడిపోయింది. పోల్చడం అంటే ఏమిటో తెలుసా అని ఆవిడ అడిగింది. నేను ఊరుకుంటానా? లేచి మా వంటింటి సంగతి చెప్పాను. కొత్త బియ్యం కొనేముందు రెండు కొట్లవీ తెచ్చి, రెండు గిన్నెల్లో విడివిడిగా వండిస్తాను. ఏది ఏ కొట్టుదో చెప్పకుండా పిల్లల్నే అడుగుతాను. మోసానికి తావుండదు.

“బాగుందండీ. ఏ గిన్నెలోది ఎవరు తింటారు?” అంది ఆవిడ.

“ముందొచ్చినవాళ్ళు మొదటి గిన్నె. అది అయిపోయాక రెండోది.”

“అంటే ఆలస్యంగా వచ్చినవాళ్ళు చల్లారిన అన్నం తిని బాలేదంటారు. తప్పు బియ్యానిదా?”

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను కానీ లోపల ఉడికిపోయాను. ఇన్నేళ్ళుగా ఒక బియ్యం కొట్టువాణ్ణి అన్యాయంగా దూరం పెట్టానేమోనని అప్పుడు తట్టింది. అందుకే ఎవరికి ఏ వైద్యమో డాక్టరు ఇష్టానికీ, రోగి ఇష్టానికీ వదలకూడదనీ, చీటీ వేసినట్టు కంప్యూటరు తేల్చాలనీ ఆవిడ చెప్పింది. అలా చేస్తేనే రెండు వైపులా ఒకే రకం మనుషులుంటారట. సరే, ఆ మాట మాత్రం నాకు అతికింది.

గోడమీద పెద్ద పెద్ద కాగితాలు అంటించారు. ఒక్కోదాని మీద ఒక్కో ప్రశ్న. ఇన్సులిన్ ముందే మొదలెట్టడం మేలా, మాత్రలతో నడపడం మేలా. నెలనెలా ఆసుపత్రికి రావడమా, ఫోన్లో మాట్లాడితే చాలా. పుండుకు కొత్త స్ప్రే మందా, మామూలు కట్టా. కిటికీ పక్కన నా ప్రశ్న. “కాలివేలి ఎముక్కి చీము పట్టినప్పుడు వేలు వెంటనే తీసేయడం మేలా, మందులతో ఆగి చూడటం మేలా?” ఆ అక్షరాలు చూడగానే నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళూ నా ఒక్కదాని బుర్రలో తిరిగిన మాట గోడెక్కింది.

ముఖ్యమనుకున్న ప్రశ్నల మీద చుక్కల స్టిక్కర్లు అంటించాలి. ఆ స్టిక్కర్లు ఎక్కడో ఉండిపోయాయట. ఒక నర్సు మెట్రో స్టేషన్ కింద ఫుట్‌పాత్ మీద ఎర్ర బొట్టుబిళ్ళల అట్టలు కొనుక్కొచ్చింది. తలా కొన్ని ఇచ్చారు. అందరూ లేచి గోడ చుట్టూ తిరిగారు.

నేను తిన్నగా నా ప్రశ్న దగ్గరికే వెళ్ళాను. బొట్టుబిళ్ళ వేలిమీద ఉంది. చెయ్యి ముందుకు పోలేదు. వెనక ఎవరో నిలబడ్డారు, చూస్తున్నారేమో, సొంత ప్రశ్నకి సొంత ఓటు ఏం బాగుంటుంది, ఎలాగూ మిగతా అందరూ దీనికే వేస్తారు అని ఏవేవో చెప్పుకున్నాను. స్ప్రే మందుకి రెండు, ఇన్సులిన్‌కి రెండు అంటించి వచ్చి కూర్చున్నాను.

లెక్క తేలింది. స్ప్రే మందు ఎర్రగా నిండిపోయింది. నా ప్రశ్న మీద మూలకి మూడంటే మూడు బిళ్ళలు.

నాకు తిక్క రేగింది. కుర్చీలోంచి లేచిపోయాను. “ఇదంతా ముందే రాసిపెట్టుకుని వచ్చారు,” అన్నాను. “కాలు పోతుందేమోనని నిద్ర లేకుండా ఉన్నవాళ్ళు ఇంతమంది ఉండగా, ఆ ప్రశ్నకి మూడు ఓట్లా? కొత్త మందుకేమో అన్నేసా? ఇదిగో పెన్ను. దీనిమీద పేరెవరిది?” బ్యాగులోంచి తీసి బల్లమీద కొట్టాను.

కుర్ర డాక్టరు నేల చూపులు చూశాడు. మేడమ్ పెన్ను తీసుకుని చూసింది. “ఏదో సభలో మిగిలినవి ఎవరో పట్టుకొచ్చారు. స్ప్రే చేసేది వీళ్ళు కాదు. అయినా ఇవి ఇక్కడికి రాకూడదు, మీరన్నది న్యాయం,” అని పెన్నులన్నీ తిరిగి తీసేసుకుంది. నేను గొడవకి సిద్ధపడి వెళితే ఆవిడ ఇలా ఒప్పేసుకోవడం నాకేం నచ్చలేదు.

అప్పుడు ఆవిడ అడిగింది, “ఈ ప్రశ్నకి వేసినవాళ్ళు చేతులెత్తండి.” కుర్ర డాక్టరు ఎత్తాడు, ఇంకో డాక్టరమ్మ, ఒక కేరళ నర్సు. అంతే. రోగుల వైపు నుంచి ఒక్క చెయ్యీ లేవలేదు. నాది కూడా.

“మీరు వెయ్యలేదా?” అంది నాతో.

నేను మళ్ళీ కుర్చీలో కూర్చున్నాను. ఆటో ఆయన గొంతు సవరించుకున్నాడు.

“మేడమ్, ఒక మాట చెప్త, ఏమనుకోకున్రి. కాలు, వేలు కోసుడు అని రాసున్న కాయితం మీద బొట్టెట్ల పెడ్తమమ్మా? బొట్టు పెడ్తే గది కావాలె, మంచిగ కావాలె అని దీవించినట్టే గద. నాదైతే పోయింది. ఇంకోని కాలు పోవాలని నేనెట్ల దీవిస్త?” అన్నాడు. “సున్న చుట్టుమంటే గప్పుడే చుడుతుంటి.”

ఒక్కొక్కరే తలూపారు. ఒకావిడైతే ఆ కాగితం వైపు వెళ్ళనే లేదట, పక్క గోడ వైపు నుంచి చుట్టూ తిరిగి వచ్చిందట. నా వేలి చివర కూడా అదే అడ్డుపడింది. పెళ్ళికూతురికి పెట్టే బొట్టు, కొత్త బండికి పెట్టే బొట్టు, అమ్మవారికి పెట్టే బొట్టు. మావారి వేలు తీసే మాటకి పెట్టలేకపోయాను. ఎందుకు పెట్టలేదో కూడా నాకు తెలియలేదు. కంపెనీని అనుమానించాను, మేడమ్‌ని, పెన్నుని, జీడిపప్పుని కూడా అనుమానించాను. నా చెయ్యి సంగతి మాత్రం తోచలేదు.

“తప్పు నాది. బొట్టుబిళ్ళలు తెమ్మన్నది నేనే,” అంది మేడమ్. తనకీ నుదుట ఎర్రబొట్టుంది, అయినా తట్టలేదట. పద్ధతి మార్చారు. ఈసారి చిన్న చీటీల మీద ప్రశ్న నంబరు రాసి మడిచి అట్టపెట్టెలో వెయ్యమన్నారు. నా ప్రశ్న రెండోది వచ్చింది. మొదటిది ఇన్సులిన్. స్ప్రే మందు కిందికి జారిపోయింది. అది జారింది కాబట్టి ఆ పెన్ను కంపెనీ మీద నా అనుమానం కొంచెం తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. ఆటో ఆయన లిఫ్టు దగ్గర, “మస్తు కొట్లాడినవక్కా,” అన్నాడు. గెలిచినట్టే అనిపించింది. ఎస్.ఆర్. నగర్ దాకా నడిచే వచ్చాను, అలసట తెలియలేదు.

మావారి వేలు మానింది. ఆరు వారాలు కాస్తా మూడు నెలలైంది కానీ మానింది. మందులకే మానిందా అని కుర్ర డాక్టర్ని అడిగితే, మీ ఒక్క కాలు చూసి చెప్పలేను అన్నాడు. మెచ్చుకోలు మాట ఒకటి అంటే ఆయన సొమ్మేం పోయింది? మావారు మళ్ళీ కొట్లో నిలబడ్డారు, కాళ్ళకి మెత్తటి చెప్పులు కొనిచ్చాను. రోజూ రెండు పాదాలూ అద్దం పెట్టి చూసేదాన్ని.

చూసినా ఆగలేదు. మరుసటి ఏడాది వానాకాలంలో కుడికాలు. ఈసారి చిటికెనవేలు. ఎక్స్‌రేలో మళ్ళీ అదే చీము.

పంజాగుట్టలో అదే డాక్టరు. జుట్టు కాస్త పలచబడింది. కాలు చూసి, చేతులు కడుక్కొచ్చి, మా ఎదురుగా కూర్చున్నాడు. “అమ్మా, మీరు కొట్లాడి పెట్టించిన ప్రశ్న యాదికుందా? గా పరిశోధన మొదలైంది. బేగంపేటల, ఇక్కడ, అన్ని శాఖలల్ల. సార్‌కు ఇష్టమైతే చేరొచ్చు. వేలు తీసుడా, మందులా అన్నది కంప్యూటర్ చెప్తది. వద్దంటే వద్దు, ఎప్పటిలెక్కనే చూస్త.”

కాగితం మొత్తం రెండుసార్లు చదివాను. మధ్యలో మానుకోవచ్చని రాసుంది. అడ్డం తిరిగితే ఏ వైద్యం కావాలన్నా చేస్తారని రాసుంది. చదివినకొద్దీ కొత్త అనుమానం పుట్టింది. ఆ కంప్యూటరు వెనక ఎవరుంటారు, ఎవరు నొక్కుతారు, డాక్టరుకి ముందే తెలుస్తుందా, థియేటర్ ఖాళీగా ఉన్నరోజు ఒకటీ లేనిరోజు ఒకటీ వస్తుందా అని వరసపెట్టి అడిగాను. అన్నిటికీ జవాబు చెప్పాడు. జవాబులన్నీ బాగానే ఉన్నాయి. అంత బాగా ఉండటం కూడా నాకు నచ్చలేదు.

“పోయినసారి మందులకే మానింది కదండీ, మళ్ళీ అవే వాడదాం. చేరొద్దు,” అన్నాను మావారితో.

ఆయన అప్పటికే సంతకం పెడుతున్నారు. ఏదడిగినా తర్వాత చూద్దాంలే అనే మనిషి, కాలికి పుండు పడితే దాచిన మనిషి, పక్కనున్న నన్ను ఒక్క మాట అడక్కుండా పెట్టేశారు.

డాక్టరు మీట నొక్కాడు. తెర మా వైపు తిప్పాడు. చదువుకోవడానికి నాకు కళ్ళజోడు అక్కర్లేకపోయింది. వేలు తీసేయడం వచ్చింది.

“మేం మానుకుంటాం,” అన్నాను వెంటనే. “మానుకోవచ్చని రాశారుగా. మానుకుంటున్నాం. లేవండి, పోదాం.”

డాక్టరు ఆ కాగితం మా వైపు జరిపాడు. మానుకోవచ్చని నిజంగానే రాసుంది మరి. మావారు లేవలేదు.

“ఆ రోజు అంతమందిలో కొట్లాడి ఆ ప్రశ్న పెట్టించింది నువ్వే కదే,” అన్నారు. “మరి దీన్ని ఎవరి కాలు పెట్టి తేలుస్తారనుకున్నావు?”

“ఎవరిదో అనుకున్నాను!” అని అరిచాను. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళంతా తలలు తిప్పి చూశారు. “ఎవరిదైతే నాకేం? మీది కాకూడదనే కదా అంత కొట్లాడింది!”

ఆయన నవ్వి, ప్యాంటు పైకి మడిచి, కుడికాలు డాక్టరు వైపు చాపారు.